కాళి లాగిన సొరుగు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఒక రాతబల్ల ఉప్పల్ వీధుల్లో గేదె వెనకాల పరుగెత్తుతుంది. ఆ బల్ల చేసింది నేను. దాన్ని గేదెకు కట్టడానికి తలూపిందీ నేనే. కాబట్టి చదువుతూ జాలిపడాల్సి వస్తే బల్ల మీద జాలిపడండి, లేదా గేదె మీద జాలిపడండి. నా మీద జాలి అక్కర్లేదు, నాకు జరగవలసిందే జరిగింది.

అరవైల్లో సంగతి. నేను తెనాలి వైపు నుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా కుదిరాను. కాపురం ఉప్పల్‌లో, లచ్చవ్వ అనే పెద్దావిడ ఇంట్లో రెండు గదులు. ఇంటి వెనకాల ఒక కొట్టం ఉండేది. అందులో సగం ఆవిడ గేదె కాళిది. మిగతా సగం ఖాళీగా ఉందని నాకిచ్చింది. అక్కడే పాత బెంచీ ఒకటి వేసి, దానికి ఇనుప ముక్కల్ని పట్టి ఉంచే వైసు ఒకటి బిగించి, గోడకు రంపం, సుత్తి, ఆకురాళ్ళు తగిలించి దానికి వర్క్‌షాపు అని పేరు పెట్టాను. ఆ పేరు నేనొక్కణ్ణే వాడేవాణ్ణి. మిగతా అందరికీ అది బర్రె కొట్టమే.

మా ఆవిడ కమలకు చదువంటే ప్రాణం. పెళ్ళితో ఆగిపోయిన చదువును పట్టుపట్టి మళ్ళీ మొదలుపెట్టి, ప్రైవేటుగా మెట్రిక్‌కు కట్టింది. అది పాసైతే టీచరు ట్రైనింగుకు పోవచ్చని ఆమె ఆశ. మార్చి పరీక్షల్లో అన్నీ గట్టెక్కాయి గానీ సామాన్యశాస్త్రం ఒక్కటి తప్పింది. ఆ తర్వాత తెలిసింది, లోపం బుర్రలో లేదు, కళ్ళల్లో ఉందని. పుస్తకం ముందు పెట్టుకుంటే అక్షరాలు చీమల్లా కలిసిపోయి నడిచేవట. ఇన్నాళ్ళూ అందరికీ అంతేనేమో అనుకుందట పిచ్చిది. కళ్ళజోడు రాగానే ఆమె చేసిన మొదటి పని, నా మొహం దగ్గరగా చూసి, "మీకు ఇక్కడ మచ్చ ఉందా?" అని అడగడం.

సెప్టెంబరులో ఆ ఒక్క పరీక్ష మళ్ళీ రాయాలి. ఆమె ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని నడుం వంచి చదువుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. "నీకు సొరుగులున్న బల్ల చేసి పెడతాను" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఉన్నది ప్రేమే. సందేహం లేదు. గర్వం తర్వాత వచ్చి చేరింది.

కమల ఒకటే అడిగింది. "వడ్రంగిని పిలవకూడదా?"

నేను నవ్వాను. ఇనుముకు ఇనుము అతికినట్టు కూర్చేవాణ్ణి, నాకు చెక్క ఒక లెక్కా అన్నాను. ఫిట్టరు బుర్ర ఎలాంటిదో మీకు తెలియాలి. మా ఫ్యాక్టరీలో రెండు భాగాలు కూర్చితే మధ్యలోంచి వెలుతురు కనబడకూడదు. కనబడితే సూపర్‌వైజరు ఆ భాగాన్ని, మమ్మల్ని కలిపి చూసే చూపు ఒకటుండేది. ఆ చూపుకు భయపడి భయపడి, చివరికి ప్రపంచంలో సందు ఎక్కడ కనిపించినా నాకు అవమానంగా ఉండేది.

చెక్క ఫ్యాక్టరీలోదే. విదేశాల నుంచి మిషన్లు వచ్చిన పెట్టెలు విప్పాక, ఆ పలకలు మాలాంటివాళ్ళకు అమ్మేసేవారు. మంచి దేవదారు చెక్క, వాసన కూడా బాగుండేది. ఒక పలక మీద ఇటువైపు పైకి ఉంచాలని పెద్ద బాణం గుర్తు వేసి ఉంది. దాన్ని తెలియక తలకిందులుగా పక్కకు బిగించేశాను. బల్ల మొత్తం పూర్తయ్యాక చూస్తే బాణం నేలను చూపిస్తోంది. రంగు వేసినా పోలేదు, లోపల్నుంచి నవ్వుతూనే ఉంది.

రంగు సంగతి కూడా చెప్పాలి. నా దగ్గర ఉన్నది మిషన్లకు వేసే బూడిద కలిసిన ఆకుపచ్చ రంగే. సొరుగు పిడిగా లేత్ మిషను హ్యాండిలుకుండే నల్ల గుండు, అది ఊడిపోకుండా లోపల్నుంచి నట్టుతో బిగించిన బోల్టు. ఆ బోల్టుతో చిన్న వంతెన నిలబెట్టవచ్చు. బల్లను సులువుగా జరపడానికి నాలుగు కాళ్ళకూ నున్నటి ఇనుప తొడుగులు వేశాను. నాతోపాటు పనిచేసే యాదగిరి పక్క సందులోనే ఉండేవాడు, చూడటానికి వచ్చి చుట్టూ తిరిగి, "అన్నా, మోటర్ యాడ పెడ్తవు?" అని అడిగాడు. అతను నిజంగానే అడిగాడని నా అనుమానం.

ఇక సొరుగులు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. వాటిని నా పద్ధతిలో ఆకురాయితో రుద్ది, పెట్టి చూసి, మళ్ళీ రుద్ది, చట్రంలో గాలి కూడా అనుమతి అడిగి వెళ్ళేలా కూర్చాను. అడుగు పలకలు మాత్రం పలచటి టీపెట్టె చెక్కతో కొట్టి పారేశాను. కింది నుంచి ఎవరు చూస్తారు? కుడి సొరుగులో కళ్ళజోడు పెట్టుకోవడానికి మెత్తటి గుడ్డ పరిచి చిన్న అర కూడా చేశాను. కళ్ళజోడు తీస్తే ఇక అక్కడే పెట్టాలని కమలకు ఆజ్ఞ వేశాను.

ఎండలు మండిపోతున్న రోజులవి. సొరుగు వేలితో తోస్తే నూనె రాసినట్టు వెళ్ళేది. వచ్చినవాళ్ళందరికీ సందులో వెంట్రుక పెట్టమని ఇచ్చి, అది దూరకపోతే మురిసిపోయేవాణ్ణి. లచ్చవ్వ మాత్రం వెంట్రుక తీసుకోలేదు.

"జర సందు ఇడువు బిడ్డా. వాన పడితే కట్టె ఉబ్బుతది. మా తలుపు సూస్తలేవా, వానకాలం వస్తే మూయరాదు, తెర్వరాదు."

"అవ్వా, మీ తలుపు వడ్రంగి చేశాడు. ఇది ఫిట్టరు చేసింది" అన్నాను.

ఆవిడ నన్ను కాసేపు చూసి, కాళికి కుడితి పెట్టడానికి వెళ్ళిపోయింది. కాళి కూడా నన్ను అలాగే చూసిందని నాకు ఇప్పుడనిపిస్తుంది.

వానలు మొదలయ్యాయి. మొదట సొరుగు కొంచెం బరువెక్కింది. తర్వాత మూలిగింది. పరీక్ష దగ్గరపడే సరికి ముసురు పట్టి, ఉప్పల్ అంతా తడిసిన గోనెసంచిలా అయింది. కమల సొరుగు తీయడానికి ఒక కాలు బల్లకు ఆనించి లాగేది. నాతో ఏమీ అనేది కాదు. ఆ మంచితనమే మా కొంప ముంచింది.

పరీక్ష ముందు రోజు సాయంత్రం ఆమె కళ్ళజోడు అరలో పెట్టి, సొరుగు సగం తోసి వంటింట్లోకి వెళ్ళింది. మిగతా సగం వెళ్ళలేదన్నమాట. నేను డ్యూటీ నుంచి వచ్చి చూస్తే నా సొరుగు నాలుక బయటపెట్టిన కుక్కలా ఉంది. ఎవరైనా చూస్తే నా పరువేం కావాలి? కొయ్యసుత్తి తెచ్చి నాలుగు దెబ్బలు వేశాను. సొరుగు లోపలికి వెళ్ళి చట్రంతో సమానంగా నిలిచింది. నేను సంతృప్తిగా భోజనానికి కూర్చున్నాను.

తెల్లవారింది. కమల తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, కళ్ళజోడు కోసం సొరుగు లాగింది. రాలేదు. నన్ను పిలిచింది. నేను చాలా నిబ్బరంగా వెళ్ళి లాగాను. నల్లగుండు పగిలి చేతిలోకి వచ్చింది, బోల్టు మాత్రం అక్కడే ఉంది. స్క్రూడ్రైవరు తెచ్చాను. దూర్చడానికి సందు లేదు. వెంట్రుక దూరని చోట స్క్రూడ్రైవరు దూరుతుందా? వెనక పలక విప్పుదామంటే దాన్ని నేనే రివిట్లు కొట్టి మూసేశాను.

కమల గుమ్మంలో నిలబడి ఉంది. ఏడవలేదు. ఏడిస్తే కాస్త నయంగా ఉండేది. "మార్చిలో కళ్ళు కనబడక పోయింది. ఇప్పుడు..." అని ఆపేసింది. నాకు నిజంగా భయం వేసింది. ఈసారి పోతే ఆమె మళ్ళీ పుస్తకం ముట్టదని నాకు తెలుసు. అయినా సరే, సొరుగు ముఖం పగలగొట్టేద్దామని ఆమె అంటే, "ఒక్క నిమిషం ఆగు, మార్గం ఉంటుంది" అన్నాను. ఆ ఒక్క నిమిషం నా పనితనం మీద ప్రేమ. ఆ సంగతి ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు, కమలకు తప్ప.

అప్పుడే డ్యూటీకి కలిసి పోదామని యాదగిరి వచ్చాడు. సంగతి విని, బోల్టును చూసి, కొట్టంలోకి చూసి అన్నాడు. "గింత బోల్టు పెట్టినవ్ గదన్నా. తాడు కడదాం. మనం బల్ల పట్టుకుందం, కాళి గుంజుతది."

ఆ క్షణంలో అది నాకు ఇంజినీరింగులా వినిపించింది. లచ్చవ్వ వద్దంది, అది పొద్దున లేస్తే చెరువు తప్ప ఇంకో తోవ ఎరగదని చెప్పింది. మేం వినలేదు. బల్లను వాకిట్లోకి తెచ్చి, బోల్టుకు పలుపుతాడు కట్టి, రెండో కొస కాళి మెడకు వేశాం. యాదగిరీ నేనూ చెరో పక్క బల్లను వాటేసుకున్నాం. లచ్చవ్వ ఇంకా గొణుగుతూనే కాళి వీపు మీద చేత్తో తట్టింది.

ఇప్పుడు లెక్క చూడండి. బోల్టు ఊడదు, అలా బిగించాను. సొరుగు రాదు, అలా కూర్చాను. తాడు కొత్తది. ఇక కదలడానికి మిగిలింది బల్ల ఒక్కటే. దాని కాళ్ళకేమో సులువుగా జారాలని ఇనుప తొడుగులు వేసి పెట్టాను. బురద అయినా, గడపలేని గేటు అయినా, ఆ బల్ల ఎంత సాఫీగా వెళ్ళిందంటే, ఈ విపత్తులోనూ నాకు కొంచెం ముచ్చటేసింది.

యాదగిరి మొదటి మలుపులోనే వదిలేశాడు. నేను వదల్లేదు. కాళి పరుగెత్తడం లేదు పాపం, రోజూలాగే చెరువుకు పోతోంది, కాకపోతే వెనక చప్పుడు విని కాస్త అడుగు పెంచింది. దాని వెనక బల్ల, బల్ల వెనక నేను, నా వెనక యాదగిరి, అతని వెనక ఇస్త్రీ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కమల. చాయ్ హోటలు ముందు నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన సాసర్ కిందికి దించి అడిగాడు. "ఏం మిషను తమ్మీ అది?"

జవాబు చెప్పే తీరిక లేకపోయింది. వీధి మురుగుకాలువ, అదే మోరీ, దగ్గర కాళి పక్కకు తిరిగింది, బల్ల తిరగలేదు. ఒక కాలు మోరీ గట్టుకు తగిలి బల్ల గిర్రున పల్టీ కొట్టి, కాళ్ళు ఆకాశానికి పెట్టి బురదలో పడింది. పలుపు జారిపోయింది. కాళి వెనక్కి కూడా చూడకుండా చెరువు దారి పట్టింది. నేను రొప్పుతూ చూస్తే, పక్క పలక మీద బాణం మొదటిసారిగా పైకి చూపిస్తోంది.

యాదగిరి వచ్చి, "సీదా అయింది సూడన్నా" అన్నాడు.

నేను బల్లను లేపబోయాను. కమల వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తప్పుకోమంది. తలకిందులుగా పడ్డ బల్లలో, నేను ఎవరూ చూడరని కొట్టి పారేసిన టీపెట్టె చెక్క, ఆమె ఎదుట తెరిచిన పుస్తకంలా ఉంది. మోరీ పక్కనున్న రాయి రెండు చేతులా ఎత్తింది.

"కమలా, మెల్లిగా, చట్రం దెబ్బతింటుంది" అన్నాను. నిజం, ఆ మాట అన్నాను.

ఆమె రాయి ఎత్తి పట్టుకునే నావైపు చూసింది. "నేను పాసవ్వాలా, మీ సొరుగు పాసవ్వాలా?"

రాయి అర లేనివైపు దిగింది. ఒక్క దెబ్బకే టీపెట్టె చెక్క పగిలిపోయింది. లోపల చెయ్యి పెట్టి వెతికి కళ్ళజోడు బయటికి తీసింది. మెత్తటి గుడ్డ అరలో ఉండబట్టి అద్దం మీద గీత కూడా పడలేదు. ఈ విషయాన్ని నేను ఆ రోజు సాయంత్రం రెండుసార్లు గుర్తు చేశాను. రెండోసారి గుర్తు చేయకుండా ఉండాల్సింది.

పరీక్షకు పోవలసిన బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. యాదగిరి బల్లకు కాపలా ఉన్నాడు, నేను సైకిలు వెనక కమలను ఎక్కించుకుని వానలో హబ్సిగూడ మీదుగా తార్నాక వైపు తొక్కాను. దారిలో ఆమె వెనక నుంచి పాఠాలు వల్లె వేస్తోంది. గంట కొడుతుండగా పరీక్ష జరిగే బడి గేటు దగ్గర దిగి, బురద అంటిన చీరతో లోపలికి పరుగెత్తింది. నేను డ్యూటీ ఎగ్గొట్టి ఆ గోడ పక్కనే నిలబడ్డాను. ఆ పూట తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాను, చెక్కలో ఉండే దేవుడెవరైనా ఉంటే ఆయనకు విడిగా ఒకటి.

బయటికి వచ్చేటప్పుడు ఆమె నవ్వుతోంది. ఎలా రాశావని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆమే చెప్పింది.

"మొదటి ప్రశ్న మీదేనండీ."

నాకు అర్థం కాలేదు.

"వానాకాలంలో చెక్క తలుపులు బిగుసుకుపోతాయి, కారణమేమి అని అడిగారు."

"ఏం రాశావు?" అన్నాను సైకిలు సీటు మీది వాననీళ్ళు తుడుస్తూ.

"కారణం రాశాను. సందు వదలకపోతే ఏమవుతుందో ఉదాహరణతో రాశాను. కాగితం చాలక ఇంకోటి అడిగి తీసుకున్నాను." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "మీ పేరు మాత్రం రాయలేదు" అంది.

పాసైంది. ట్రైనింగుకు వెళ్ళింది. తర్వాత ఎన్నో ఏళ్ళు పిల్లలకు సామాన్యశాస్త్రమే చెప్పింది, ఆ పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో నవ్వులు వినబడేవని తోటి టీచర్లు నాతో అనేవారు. బల్లను కాళ్ళ మీద నిలబెట్టాం. సొరుగు అడుక్కి కొత్త పలక కొట్టాం. ఎండాకాలం ఇప్పటికీ వేలితో తోస్తే వెళుతుంది. వానాకాలంలో మా ఇద్దరిలో ఎవరి మాటా వినదు. కళ్ళజోడు మాత్రం అప్పటి నుంచీ బల్ల మీదే ఉంటుంది.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా, యాదగిరి సాక్షిగా, కాళి ఆత్మ సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ చేతులతో ఇంకెప్పుడైనా చెక్కను ముట్టుకుంటే, కాళి తోక హాయిగా ఆడేంత సందు వదిలిపెట్టి, ముందు కమలకు చూపించి, ఆమె సరేనన్నాకే మేకు కొడతాను.