మా మేనత్త నేర్పిన కాలిక్యులస్

నా చిన్నప్పుడు మూడేళ్లు మోత్కూర్ దగ్గర మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నాను. మామయ్య పోయాక నాలుగెకరాల పొలం అత్తే చూసుకునేది. ఆమె బడి మొహం చూడలేదు. ఎక్కడైనా సంతకం అడిగితే వేలిముద్ర వేసేది.

ఒక ఏడు వానలు సరిగ్గా పడలేదు. అయినా చలికాలంలో వేసే యాసంగి వరి నాట్ల నాటికి మా దిగుడుబావి నిండుగానే కనిపించింది. పక్క పొలం పెద్దాయన వచ్చి, "గిన్ని నీళ్లున్నయి గద చెల్లె, మొత్తం నాటెయ్యి" అన్నాడు. మర్నాడు ఆదివారం. పొద్దున్నే అత్త ఆయిలింజను పెట్టి, బావి అడుగు మెట్లు తేలేదాకా నీళ్లు తోడించి ఆపేసింది. నా చేతికి పలక, మామయ్య గడియారం ఇచ్చి, "గంటకోపారి ఎన్ని మెట్లు మునిగినయో రాయి బిడ్డా" అని చెప్పి గట్ల మీద గడ్డి కొయ్యడానికి పోయింది.

మొదటి గంటలో ఆరు మెట్లు మునిగాయి. రెండో గంటలో నాలుగు, తర్వాత రెండు, ఆపైన ఒకటి. నేను పరుగెత్తుకుంటూ పోయి, పదమూడు మెట్లు మునిగాయని సంబరంగా చెప్పాను.

"మొత్తం ఎంతనో నాకొద్దు. గంట గంటకు ఎంత జోరుగ ఊరుతాందో గది జెప్పు" అంది అత్త.

పలక మీదివి వరసగా చదివాను. ఆమె కొడవలి కింద పెట్టి వేళ్లు మడిచి లెక్కేసింది. "ఊట సన్నబడ్డది. పైకి కనవడేది నిలవ నీళ్లే, రెండెకరాలకు మించి పారదు" అంది. అన్నట్టే రెండెకరాలే నాటించింది. ఊళ్లో నవ్వినవాళ్లు నవ్వారు. పెద్దాయన తన పొలమంతా నాటాడు.

వరి పొట్టకొచ్చే సమయానికి ఆయన బావి అడుగంటింది. పైరు పశువుల మేతకు పోయింది. అత్త రెండెకరాలు కళ్లం చేరాయి. మరుసటి ఏడు పెద్దాయనే వాకిట్లోకి వచ్చి, "నీ మేనకోడల్ని ఒక్కరోజు మా బావికాడికి తోలియ్యి చెల్లె" అని అడిగాడు. అత్త నాకు తల దువ్వి, ఉతికిన గౌను తొడిగి పంపింది. పలక చంకన పెట్టుకుని నడిచిన ఆ నడకలో ఉన్న గర్వం తర్వాత ఏ సన్మానంలోనూ నాకు రాలేదు.

పెద్దయ్యాక లెక్కల అధ్యాపకురాలినయ్యాను. తెలంగాణ వచ్చాక, పదవీ విరమణకు ముందు కొన్నేళ్లు, నల్గొండలో ఒక డిగ్రీ కాలేజీలో జీవశాస్త్రం పిల్లలకు కాలిక్యులస్ మొదటి పాఠాలు చెప్పే పని నాకు పడింది. మొదటి రోజే కట్టంగూర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "లెక్కలంటే భయమయ్యే బైపీసీ తీసుకున్నం మేడం. మళ్ల గిదేంది?" అంది. క్లాసంతా ఆమె వైపే ఉంది.

పుస్తకం పక్కన పెట్టాను. పిల్లలతో తడిగుడ్డల మీద పెసలు మొలకెత్తించి, రోజూ పొద్దున స్కేలుతో కొలిపించాను. పది రోజుల కొలతలు బోర్డు మీద రాయించి, ఏం కనిపిస్తోందని అడిగాను. ఆ అమ్మాయే లేచి వచ్చి, ఒక్కో రోజు ఎంత పెరిగిందో కింద వరసగా రాసింది.

"మొలక పెరుగుడు ఆగలే మేడం. పెరిగే జోరు తగ్గుతాంది" అంది.

కాలిక్యులస్‌లో అవకలనం అంటే ఆ జోరును కొలవడమేనని చెప్పి, దాని గుర్తు dy/dx బోర్డు మీద రాసి, ఆ రోజు వాళ్లకు మా అత్త కథ చెప్పాను. ఇప్పుడు ఆ అమ్మాయి సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తోంది. బ్యాక్టీరియా పెరుగుదల గ్రాఫు గీసినప్పుడల్లా నాకు ఫోనులో పంపిస్తుంది. నేను ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపిస్తాను.

బావి దగ్గర గడిపిన ఆ ఆదివారం నాకు లెక్కలొక్కటే నేర్పలేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏ పిల్లనూ మొదటి పరీక్ష మార్కు చూసి మొద్దు అనలేదు. పోయిన వారం కంటే ఈ వారం ఎంత ముందుకు జరిగిందో చూశాను. ఇప్పుడు వీధిలో పిల్లలెవరైనా పుస్తకం పట్టుకుని వస్తే, ముందు అదే అడుగుతాను.