ఆడిన రోజు కాదు, మూడో రోజు చూడండి

నా జబ్బుకి ఆ పేరు పెట్టినవాళ్లెవరో గానీ, వాళ్లంటే నాకు ఒళ్లు మంట. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. చెప్పీ చెప్పగానే ఎదుటివాళ్లు, "అయ్యో, నాకూ అంతే బాస్, సాయంత్రానికి ఒళ్లు హూనం" అంటారు. కెనడాలో మేముండే కిచెనర్‌ ఊళ్లో నాకు తెలిసిన తెలుగువాళ్లలో ఈ మాట అననివాళ్లు లేరు. పడుకుంటే తీరేది అలసట. నాది పడుకున్నా తీరదు. రాత్రంతా ఎవరో బస్తాలు మోయించి తెల్లారి వదిలేసినట్టు లేస్తాను. ఈ తేడా వివరించేలోపే నా ఓపిక అయిపోతుంది, వాళ్లు ఇళ్ల ధరల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు.

ఈ జబ్బు రాకముందు మామూలుగానే ఉండేవాణ్ణి. వారమంతా ఆఫీసులో కోడ్ రాసేవాణ్ణి, ఆదివారం కమ్యూనిటీ సెంటర్‌లో షటిల్ ఆడేవాణ్ణి. ఒక చలికాలం మా ఇంటిల్లిపాదికీ జ్వరం వచ్చింది. నా భార్యకీ, అమ్మాయికీ త్వరగానే తగ్గిపోయింది. నాకు జ్వరమైతే దిగింది గానీ ఒళ్లు స్వాధీనంలోకి రాలేదు. మెట్లెక్కితే గుండె దడ. స్నానం చేసి వచ్చి మంచం మీద పడితే తల తుడుచుకోవడానికి చేతులు లేచేవి కావు. మీటింగుల్లో మాటలు చెవిన పడేవి, అర్థం మాత్రం అందేది కాదు.

మా ఫ్యామిలీ డాక్టర్ రక్తపరీక్షలన్నీ చేయించింది. "గుడ్ న్యూస్, అన్నీ నార్మల్" అంది నవ్వుతూ. శుభవార్త విని ఏడుపు రావడం నాకు అదే మొదటిసారి. అన్నీ నార్మలైతే నేనెందుకిలా ఉన్నానని అడిగాను. ఒత్తిడి అయ్యుండొచ్చు, కాస్త వ్యాయామం చెయ్యమని ఫిజియోథెరపీకి పంపింది. అక్కడ ట్రెడ్‌మిల్ మీద వారం వారం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలట. చెప్పిన మాట వినే రోగిని కాబట్టి పెంచాను. నడక ఎంత పెంచితే నేను అంత దిగజారాను. "మొదట్లో అలాగే ఉంటుంది, ఆపకూడదు" అనేవాడు ఫిజియో. చివరికి గోడ పట్టుకుంటే గానీ బాత్రూమ్ దాకా వెళ్లలేని స్థితికి వచ్చి, ఆఫీసుకు దీర్ఘకాలం సెలవు పెట్టాను.

నెలల తరబడి ఎదురుచూస్తే గానీ స్పెషలిస్ట్ దొరకలేదు. ఆయన మొదటి ప్రశ్నే వేరు. ఏదైనా పని చేసిన రోజు కాదు, ఆ మర్నాడూ ఆ తర్వాతి రోజూ ఎలా ఉంటుందని అడిగాడు. దీనికి మందు లేదన్నాడు. ఇంకా ఓపిక ఉందనిపిస్తున్నప్పుడే పని ఆపేయడం నేర్చుకోమన్నాడు. అదే నా వైద్యం. వినడానికి ఎంత తేలికో, చెయ్యడానికి అంత చిరాకు. సగం కడిగిన గిన్నెల్ని వదిలేసి వెళ్లి పడుకోవాలి. కబుర్లు మంచి రసపట్టులో ఉండగా లేచిపోవాలి.

నా షటిల్ పార్ట్‌నర్‌కి ఈ వైద్యం అసలు నచ్చలేదు. గుంటూరువాడు, మా ఆఫీసే. మరుసటి చలికాలం ఒక ఆదివారం రాకెట్టుతో సహా మా హాల్లోకి వచ్చేశాడు.

"మామా, కూర్చునీ కూర్చునీ బాడీకి తుప్పు పట్టించావ్. ఒక్క గేమ్ ఆడు, అంతా అదే సెట్ అవుతుంది."

"అన్నయ్యా, డాక్టర్ వద్దన్నారు" అంది నా భార్య.

"వాళ్లు అలాగే అంటారమ్మా. నేనున్నాగా, డ్రైవ్ కూడా నేనే చేస్తా."

వాడితో వాదించడం కంటే ఆడడమే తేలికనిపించింది. పైగా ఆ రోజు కాస్త బాగానే ఉన్నాను, ఆడాలనీ ఉంది. వెళ్లాం. ఆడాం. గెలిచాం కూడా. వాడు నన్ను ఎత్తుకున్నంత పనిచేసి, ఫోటో తీసి, "కమ్‌బ్యాక్!" అని వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. దాని కింద అందరూ పెట్టిన బొటనవేళ్లే బొటనవేళ్లు. అదే గ్రూపులో ఉన్న మా టీమ్ లీడ్, "సూపర్! మరి ఆఫీసుకి ఎప్పుడొస్తున్నావ్?" అని అడిగాడు.

సోమవారం గడిచింది. మంగళవారం దిండు మీది నుంచి తల ఎత్తలేకపోయాను. కర్టెన్ సందులోంచి వచ్చే వెలుతురు కూడా కళ్లలో పొడిచినట్టుంది. వంటింట్లో చెంచా కింద పడితే ఆ చప్పుడు పుర్రెలో మోగింది. అమ్మాయి గుమ్మంలో నిలబడి, "నాన్నా, కెన్ యూ హియర్ మీ?" అని గుసగుసగా అడిగింది. వినిపిస్తోంది, జవాబివ్వడానికి నోరు కదలడం లేదు.

నా భార్యకి కోపం రావడం అరుదు. ఆ రోజు వచ్చింది. గుంటూరువాడికి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఆదివారం ఆడించారుగా. ఫోటో కూడా పెట్టారు. ఈరోజు వచ్చి చూడండి" అని పెట్టేసింది.

సాయంత్రం వచ్చాడు. చీకటి గదిలో ఆవిడ నాకు పెరుగన్నం మెత్తగా పిసికి చెంచాతో పెడుతోంది. వాడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఇదంతా... ఆ ఒక్క గేమ్ వల్లేనా?"

"అవును" అంది ఆవిడ, నా మూతి తుడుస్తూ.

వాడు వెళ్లేముందు ఆ ఫోటో డిలీట్ చేశాడని తర్వాత తెలిసింది. అప్పటికి చూడాల్సినవాళ్లందరూ చూసేశారు.

ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి వసంతం దాకా పట్టింది. ఇప్పుడు ఇంట్లోనే పడుకుని, లాప్‌టాప్ పొట్టమీద పెట్టుకుని, పొద్దున కాసేపు పనిచేస్తాను. కంపెనీ ఒప్పుకుంది, సణుగుతూనే. షటిల్ మాట ఇక లేదు. రాకెట్టు ఎవరికైనా ఇచ్చేద్దామని నా భార్య అంటే మాత్రం విననట్టు ఊరుకుంటాను.

గుంటూరువాడు పూర్తిగా మారిపోయాడని అబద్ధం చెప్పను. అశ్వగంధ గురించీ, చన్నీళ్ల స్నానం గురించీ లింకులు పంపుతూనే ఉంటాడు. కానీ ఆదివారాలు ఆట ముగించుకుని మా ఇంటికొస్తాడు. మాట్లాడుతూ ఉంటాడు. నేను చెయ్యెత్తితే వాక్యం సగంలోనే ఆపేస్తాడు. ఆ తర్వాత నా మంచం పక్కనే కుర్చీలో కూర్చుని, సౌండ్ తీసేసి ఫోన్లో క్రికెట్ చూస్తాడు. వికెట్ పడినప్పుడు "ఛ!" అని పైకే అనేసి, నాలిక్కరుచుకుని నావైపు చూస్తాడు. నాకు అదీ చిరాకే. అయినా వెళ్లమని ఎప్పుడూ అనలేదు.