పదకొండో మోటారు

దారం చుట్టే షెడ్డులో పన్నెండు మోటార్లు. వాటిని నడిపే మెకానిక్కుకి మోకాళ్ళ నొప్పి, మూల విరిగిన లాప్‌టాప్ ఒకటి ఉన్నాయి. లాప్‌టాప్ నుంచి ఒకే కేబులు అన్ని మోటార్ల డ్రైవు పెట్టెలకూ వెళ్తుంది. నంబరు కొట్టి ‘తిరుగు’ అని ఆదేశం పంపితే ఆ ఒక్క మోటారే తిరుగుతుంది, తిరిగానని జవాబూ ఇస్తుంది. నంబరు బదులు సున్నా కొడితే అన్నీ ఒక్కసారే లేస్తాయి, జవాబు మాత్రం ఏదీ ఇవ్వదు. అతను సున్నా కొట్టడు. రోజూ పొద్దున్నే కాళ్ళీడ్చుకుంటూ షెడ్డు చివరిదాకా వెళ్ళి, ప్రతి మోటారు దగ్గరా మనిషి ఎడంగా ఉన్నాడో లేదో చూసి, వెనక్కొచ్చి ఒక్కో నంబరే కొడతాడు. అరగంట పడుతుంది.

ఇవాళ కొత్త సూపర్‌వైజరుకి ఓపిక నశించింది. “ఒక్క సున్నా కొట్టి పారేస్తే పోయేదానికి ఈ జపమేంటండీ?” అన్నాడు.

“కొట్టాను సార్, ఒకసారి,” అన్నాడు మెకానిక్కు, తెర మీంచి కళ్ళెత్తకుండా. “ఆ రోజు పదకొండో దాని దగ్గర మా బావమరిది రోలరు తుడుస్తున్నాడు.”

అది జరిగి తొమ్మిదేళ్ళు. బావమరిది ఇప్పటికీ అక్కడే పనిచేస్తాడు. “వదిలెయ్ బావా, నేనెప్పుడో మర్చిపోయా” అని భోజనాల దగ్గర అంటూనే ఉంటాడు. మెకానిక్కు తలొంచుకుని తినేసి లేచిపోతాడు.

పది జవాబులు వచ్చాయి. పదకొండు కొట్టి, మీట మీద వేలుంచి ఆగాడు. దూరాన బావమరిది రోలరుకి ఎడంగా జరిగి, రోజూలాగే చెయ్యెత్తి చూపించాడు. ఆ చేతికి మిగిలిన మూడు వేళ్ళూ లెక్కపెట్టుకుని, అప్పుడు నొక్కాడు.