గాలి కాస్త వదిలిన చక్రం

గతించినవారికి తిలోదకాలిచ్చి, వారు ప్రీతితో వాడుకొన్న వస్తువులను దానం చేసి, దుఃఖాన్ని గడప దాటించే దినం పెద్దకర్మ. మా అమ్మాయి మామగారు, అంటే నా వియ్యంకులవారు, రాజమహేంద్రవరంలో జ్వరంతో కన్నుమూశారన్న కబురు కొవ్వూరులో ఉన్న నాకు మొన్నామధ్య అందింది. నిన్న ఆయన పెద్దకర్మ జరిగింది.

వంతెన ఎక్కడమే కొండ ఎక్కడమనుకొనే పల్లపుసీమ వాళ్ళం మేము. ఆయన మాత్రం ఉద్యోగ విరమణ తరువాత లావుపాటి టైర్ల గేరు సైకిలు కొని, దానిని కారు వెనుక కట్టుకొని మారేడుమిల్లి అడవిదారులకు వెళ్ళేవారు. కాలేజీలో చదువుకొంటున్న మా ఇద్దరి మనవరాలు వెంట ఉండేది. ఒక్క సైకిలునే వంతులవారీగా తొక్కేవారు.

"వానప్రస్థానికి నడిచి వెళ్ళాలండి బావగారూ, చక్రాల మీద కాదు" అని నేను దెప్పేవాణ్ణి.

"మీ కావ్యాల్లో అడవికి దోమలుండవండి. ఓసారి రండి, కుట్టించుకుందురుగాని" అనేవారు.

వెళ్ళాను. రాళ్ళూ చెట్లవేళ్ళూ తేలిన ఏటవాలు దారి, దిగువన వాగు. బయలుదేరే ముందు ఆయన టైరును బొటనవేలితో నొక్కి చూసి, కొంచెం గాలి వదిలారు. "నిండా కొట్టిన చక్రం రాయి మీద గెంతేస్తదండి. కాస్త వదిలితే పట్టుకుంటది." ఆ మాట నేను చదివిన నీతిపద్యాల సరసన చేరింది.

మనవరాలు సగం వాలులో బిగుసుకుపోయి ఆగింది. ఆయన పక్కనే నిలిచి, చేయి మాత్రం అందించలేదు. "రాయినే చూస్తే రాయి మీదికే పోతావమ్మా. దారి చూడు." పిల్ల క్షేమంగా వాగు చేరింది. ఆయన అప్పుడు నుదురు తుడుచుకొన్నారు. ఆమె కంటె ఆయనకే ఎక్కువ చెమట పట్టింది.

నిన్న దానాల వేళ గొడుగు, పావుకోళ్ళ పక్కన ఆ సైకిలునూ తెచ్చి నిలబెట్టింది మా అమ్మాయి. "ఇదీ ఇచ్చేద్దాం నాన్నా. ఇంట్లో ఉంటే నీ మనవరాలు ఒక్కత్తీ అడవిలోకి పోద్ది."

పురోహితులవారు టైర్ల వంక చూసి, "దీని మీద నేను వ్రతాలకెళ్తే దోవతి చక్రంలో పడిపోదాండీ?" అన్నారు. ఎవరో నవ్వారు. మనవరాలు నవ్వలేదు, హ్యాండిలు వదలలేదు. నాలుగు కావ్యాలు చదివినవాణ్ణని, ధర్మమేమిటో చెప్పమని అందరూ నా వైపు తిరిగారు.

"దానమివ్వవలసింది ఆయన వస్తువులను. ఇది ఆయన నేర్పిన విద్య. విద్య శిష్యురాలిది" అన్నాను.

"పడితే నాన్నా?"

"పడుతుందమ్మా. ఆయనా పడ్డారు. పడి లేవడమూ ఆయన దగ్గరే నేర్చుకొంది."

అమ్మాయి లోపలికి వెళ్ళి, మామగారి హెల్మెట్ తెచ్చి, పమిట చెంగుతో తుడిచి కూతురి చేతికిచ్చింది. "ఒక్కదానివి మాత్రం వెళ్ళకు."

మనవరాలు వంగి, టైరును బొటనవేలితో నొక్కి చూసింది. కొంచెం గాలి వదిలింది. మంత్రాలు ఆగిన ఇంటిలో ఆ చిన్న సవ్వడి మా అందరికీ వినబడింది.

ఇకముందు కొండదారి పట్టే బిడ్డలందరి చక్రాలకూ రాతిని పట్టుకొనేంత మెత్తదనం, కన్నులకు రాళ్ళ నడుమ దారి కనబడే చలువ కలుగుగాక.