రేకుల కింద పేలిన సోడాలు

నా చిన్నప్పుడు, 1948 సెప్టెంబరు 19, ఆదివారం మధ్యాహ్నం రెండుంబావుకు మా వీధిలో మొదటి చప్పుడు వినిపించింది. అంతకు ముందురోజే భారత సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. సీతాఫల్‌మండిలో మా పక్కింట్లో గోలీసోడాలు చేసి అమ్మే చాచా, ఆయన భార్య చాచీ ఉండేవారు.

గొడవలప్పుడు సోడా సీసాలు విసురుకోవడం మా దగ్గర మామూలే. అందుకని చాచా నింపిన సీసాలన్నీ ఎవరి చేతికీ చిక్కకుండా మిద్దె మీది రేకుల కొట్టంలో దాచాడు. ముసురు వదిలి ఆ రోజు ఎండ చుర్రున కాసింది.

రెండో చప్పుడుకు వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. మూడోదానికి గస్తీ జవాన్లు పరుగున వచ్చి చాచాను గోడకు నిలబెట్టారు. ఆ ఇంట్లోంచి ఎవరో తుపాకీ కాలుస్తున్నారనుకున్నారు. ఆయన "సోడా, సోడా" అంటున్నా ఎవరూ వినలేదు. అడ్డం వెళ్లిన మా నాన్ననూ ఆయన పక్కనే నిలబెట్టారు. ఇద్దరినీ తీసుకుపోతారని నాకు అర్థమైంది.

అప్పుడు, ఎన్నడూ పర్దా దాటని చాచీ, కొంగు తలమీదికి లాక్కుని రెండు సీసాలతో వాకిట్లోకి వచ్చింది. ఒకటి కొట్టంలోంచి గోనెలో చుట్టి తెచ్చింది, ఇంకొకటి వంటింట్లో చల్లటి కుండనీళ్లలోంచి తీసింది. వేడి సీసాలో గోలీ నొక్కగానే నురగ ఎగజిమ్మి పెద్ద జవానును మీసాల నుంచి బొత్తాల దాకా తడిపేసింది. చల్లటిది కీచుమంది, అంతే. ఒక్క చుక్క ఒలకలేదు. దాన్ని ఆయన చేతికే ఇచ్చింది. గుక్క తాగాడో లేదో ఘాటు ముక్కుకెక్కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే మిద్దె మీద నాలుగోది పేలింది. ఆయన పైకి చూశాడు, తన చొక్కా చూసుకున్నాడు, నవ్వేశాడు. తుపాకులు దిగాయి.

"చూస్తవేంది బిడ్డా, గోనెలు తడుపు, జల్ది" అంది చాచీ. నేను తడిపి అందిస్తుంటే నాన్న, చాచా, ఒక జవాను కూడా పైకి పరుగెత్తి సీసాల మీద కప్పారు. అంత హడావుడిలోనూ ఎందుకు పేలాయని అడిగాను.

"సల్లగుంటే గ్యాసు నీళ్లల్లనే కూసుంటది. వేడి తగిలితే ఉండలేక బయటికొస్తది. గోలీ దారియ్యదాయె, ఇగ సీసనే పగలగొడ్తది" అంది. తరువాత చాచా వైపు చూసి, "మీ చాచాకు సోడా చేసుడొచ్చు గని దాసుడు రాదు" అంది. ఆ మాటకు చాచాయే అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇప్పటికీ సోడా తాగేముందు సీసాను చెంపకు ఆనించి చూసుకుంటాను. ఫలానా వాళ్లింట్లో ఏదో పేలిందని ఎవరైనా చెబితే, ఎవరు పేల్చారని అడగను, ఏం పేలిందని అడుగుతాను.

ఆ రోజు పోయినవి: గోనెలు కప్పేలోగా పగిలిన సీసాలు ఆరు, చాచీ జవాను ముందు తెరిచిన సోడాలు రెండు, కొట్టం రేకు ఒకటి. మా వీధిలో మనుషులెవరూ పోలేదు.