అమ్మ ఎండబెట్టిన తెల్లసొన

పంతొమ్మిదొందల నలభైల చివర, హైద్రాబాదుల చదువుతున్న. ఒకనాడు మా సారు నా చేతుల చిన్న సీస పెట్టిండు. దాంట్ల జరన్ని నీళ్లు, నీళ్లల్ల కంటికానని పలుకులు. "ఇది పెరుగు తోడు లెక్క. సెలవులల్ల తెల్లసొనల ఏసి పెద్ద పలుకు పెంచుకరా. తెస్తే ఎక్స్‌రే గదిల కూసోనిస్త. లేకుంటే ఇంకో చదువు చూసుకో" అన్నడు. గుడ్డుల ఉన్న ప్రోటీను కూడ చక్కెర లెక్క పలుకు కడ్తదంట. దాని మీద ఎక్స్‌రే పడితే పటంల చుక్కలొస్తయి, చుక్కలను బట్టి లోపలి కట్టుబడి తెలుస్తది. గదిల జాగ ఒక్కనికే. నాకది కావాలె, అంతే.

గోపాల్‌పేటల మా అమ్మ కోడిని పొదగేయనీకి పదకొండు గుడ్లు దాచింది. అడిగితే ఇచ్చింది గని నాలుగొద్దులు నాతోని మాట్లాడలె. ఇంటిల్లిపాది పచ్చసొన తినుడే. తెల్లసొనల ఉప్పు, జర సోడా కలిపి, వడగట్టి, తోడేసి, గిలాసను గూట్లె పెట్టిన. కదిలియ్యొద్దని అందరికి చెప్పిన. నాయిన దగ్గొస్తే వాకిట్లకు పోయి దగ్గి వస్తుండె. తడి ఆరొద్దని మాత్రం చెప్పలె. గది తెల్వనిదెవరికి అనుకున్న, నా బుద్ధి గడ్డి తిన్నది.

పన్నెండొద్దులకు చక్కెర పలుకులంత అయినయి. బస్సు సంగతి అడగనీకి వనపర్తి పోయిన. తిరిగొచ్చేటాళ్లకు నా పలుకులు చేటల మిరపకాయల పక్కన ఎండుతున్నయి. అమ్మ కట్టె పట్టుకొని కాకులు తోలుతుంది.

మా దిక్కు ఏది దాచాలన్నా ముందు ఎండబెట్టుడే. తడి ఉంటే పురుగు పడ్తది. "నీళ్లల్ల నానుతున్నయి బిడ్డ, బూజు పడ్తదని తీసిన. మంచిగెండినయి చూడు" అన్నది.

భూతద్దం పెట్టి చూస్తే అన్ని పగిలి సున్నం లెక్క అయినయి. "దీంట్ల సగం నీళ్లే ఉంటయే అమ్మ. నీళ్లు పోతే లోపలి కట్టు కూలుతది. ఎండబెడితే పానం పోతది" అని ఏడ్చిన. మీసాలొచ్చినోన్ని, సిగ్గులేకుండ ఏడ్చిన.

అమ్మ లోపలికి పోయి ముంత తెచ్చింది. ఉప్పు దండుగైతదని, పలుకులు తీసినంక మిగిలిన నీళ్లు పప్పుల పోయనీకి దాచిందంట. అడుగున రెండు పలుకులు మిగిలినయి. ముంతను పట్టుకొని అమ్మ కాళ్లకు మొక్కిన. ఆ నీళ్లతోనే వాటిని సీసల పోసి మైనంతోని మూసిన.

తెల్లారి బస్సెక్కుతుంటే అమ్మ మూట ఇచ్చింది. "ఏది ఎండకుండ కట్టిన, రంది పడకు" అన్నది. జడ్చర్ల దాటకముందే పక్కన కూసున్నాయన ధోతి తడిసింది. మూట ఇప్పితే జొన్నరొట్టెలు తడిగుడ్డల ఉన్నయి. మురుకులు చెంబు నీళ్లల్ల తేలుతున్నయి. ఉతికి ఆరేసిన నా అంగీలు మళ్ల తడిపి మడత పెట్టింది. ఆయన నన్నే చూస్తుండు. నేను నానిన మురుకు తిన్న.

రెండు పలుకుల్ల ఒకటి దారిల కరిగింది, ఒకటి నిలిచింది. సారు దాన్ని నీళ్లతోనే గాజు గొట్టంల పెట్టి ఎక్స్‌రే తీసిండు. చుక్కలొచ్చినయి. జాగ నాకే దొరికింది.

మళ్ల సెలవులకు ఆ పటం అమ్మకు చూపిన. పొదుగుడు తప్పిన కోడి ఆమె కాళ్లకాడనే తిరుగుతుంది. అమ్మ పటాన్ని ఎండకు పట్టి, వరుసలు వరుసలుగున్న చుక్కలను చానసేపు చూసింది.

"జొన్నలు ఎండబోసినట్లే ఉన్నయి గద. మరి ఆనాడు ఎందుకట్ల ఏడిస్తివి?" అన్నది.