మాస్కు లేని మొహం

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. నా ఉద్యోగమూ అలాంటిదే. ల్యాబ్‌లో రకరకాల జంతువుల కణాలను పెంచి, కొత్త కరోనా వైరస్‌లు వాటిలో వేటిలోకి చొరబడగలవో చూస్తాం. అసలు వైరస్ వాడం. దాని పైనుండే ముళ్ళు మాత్రమే తగిలించిన, జబ్బు చేయలేని నకలు వాడతాం. అది లోపలికి వెళ్తే కణం ఆకుపచ్చగా మెరుస్తుంది. అప్పుడు ఆ జంతువు ఒంట్లో ఈ వైరస్ ఉండగలదేమోనని అనుమానిస్తాం. మెరవకపోతే లేదు. కళ్ళకు కనిపించిందే నాకు నిజం.

నా భర్త సుధాకర్‌దీ అదే ల్యాబ్. ఆయన తోటల్లో తిరిగే మనిషి. ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడి తోట చివర, చింతచెట్టు నిండా పెద్ద గబ్బిలాలు ఉండేవి. వల కట్టి పట్టుకుని, రెక్క పొర నుంచి మిరియపు గింజంత ముక్క తీసి, వదిలేసేవారు. ఆ ముక్కల నుంచి నేను కణాలు పెంచేదాన్ని.

కోవిడ్ రెండో వేవ్‌లో ఆయన పోయారు. గబ్బిలాల వల్ల కాదు, అందరికీ వచ్చినట్టే వచ్చింది. ఆసుపత్రిలోకి నన్ను రానివ్వలేదు. చివరికి జిప్పు వేసిన సంచీని దూరం నుంచి చూపించారు. మొహం చూడలేదు.

ఆయన తెచ్చిన కణాలు కొన్నాళ్ళకు పెరగడం మానేశాయి. అది మామూలే. అయినా వాటిని పారేయడానికి నాకు చాలా రోజులు చేతులు రాలేదు. కొత్త నమూనాలు కావలసి వచ్చి, కిందటేడు మామిడి కోతలప్పుడు మొదటిసారి నేనే ఆ తోటకు వెళ్ళాను.

తోట కౌలుకు చేస్తున్న నాగమణిగారు షెడ్డులో రసాలు ఏరుతున్నారు. నన్ను అంతకుముందెప్పుడూ చూడలేదు. ఎక్కడి నుంచి వచ్చానో చెప్పగానే చేయి తుడుచుకుని లేచారు.

"సుధాకర్ సారు వాళ్ళ మేడమ్ కదండీ. మీరొస్తారని మొన్న సారు చెప్పి వెళ్ళారు."

ఎవరినో చూసి పొరబడి ఉంటారనుకున్నాను. "ఏం చెప్పారండీ?" అన్నాను.

"గబ్బిలాలు చింతచెట్టు మీద లేవంట. రెడ్డిగూడెం దారిలో నేరేడు చెట్ల మీదకి పోయాయంట. మిమ్మల్ని అటు పంపమన్నారు. మంచినీళ్ళు తాగి వెళ్ళారండీ."

"ఆయనేనా? సరిగ్గా చూశారా?"

"ఎప్పుడూ మాస్కుతోనే వచ్చేవారు కదండీ, మొహం మొన్నే చూశాను. గడ్డం కింద కుట్లు పడిన మచ్చ ఉంది. నవ్వితే ఒకవైపే సొట్ట పడింది."

రెండూ నిజమే. నేను ఖాళీ మామిడికాయల ట్రే ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాను. ఆయన లేరని చెప్పాలి.

"చిక్కిపోయారా?" అని అడిగాను.

"లేదండీ. బానే ఉన్నారు."

ఆ మాట ఇంకోసారి అడిగి చెప్పించుకున్నాను.

చింతచెట్టు ఖాళీగా ఉంది. నేరేడు చెట్ల మీద గబ్బిలాలు వేలాడుతున్నాయి. మర్నాడు మావాళ్ళు వల కట్టారు. ఆ ముక్కల నుంచి కణాలు బాగా పెరిగాయి. నకలు వైరస్ వేస్తే కొన్ని ఆకుపచ్చగా మెరిశాయి కూడా. ఎందుకు మెరిశాయో నేను చెప్పగలను, రుజువు చూపించగలను.

నాగమణిగారి సంగతి మాత్రం ఇప్పటికీ అంతుచిక్కలేదు. మా ల్యాబ్ నుంచి ఎవరూ ముందుగా వెళ్ళలేదు. ఆయన ఫోటో ఆమె చూసే అవకాశమే లేదు. పోనీ ఎక్కడో చూశారనుకున్నా, నేను వస్తానని ఎలా తెలుస్తుంది? దయ్యాలున్నాయని ఇప్పటికీ నమ్మను. నాకు కనపడని ఆ మొహం ఆమెకు కనపడిందే అని మాత్రం అసూయ పడుతూ ఉంటాను.

ఈ ఏడు నమూనాలతో పనిలేకపోయినా వెళ్ళాను. సారు మళ్ళీ వచ్చారా అని అడిగాను.

"లేదండీ," అన్నారు ఆమె కాయలు సర్దుతూ. "మీ దగ్గరే ఉన్నారు కదండీ?"

అవునన్నాను.